ఫిరంగి చుట్టూ పచ్చజొన్న

హో... హో...

తెల్లవారకముందే జొన్నచేలో ఆ కేక. గుప్పున లేచే పిట్టలు. రెక్కల చప్పుడు — చేటలో గింజలు చెరిగినట్టు.

అది మా నాయన సాయిలు కేక. నేను వినలేదు. నేను అమ్మ కడుపులో ఉండగానే ఆయన యుద్ధానికి పోయాడు.

తుపాకి పట్టడానికి కాదు. రాళ్లు మోయడానికి.

సముద్రం నడుమ ఒక దీవి. దీవి మీద రెండు ఫిరంగులు. శత్రువుల ఓడలు వస్తే పేల్చాలని. నాయనతో పోయిన తండా సక్రు ఒక్కడే తిరిగి మా ఊరు కురవికి వచ్చాడు. ఈ కథంతా అతను తెచ్చిందే.

ఓడలు రాలేదు.

ఒక వానకాలం పోయింది. ఓడలు రాలేదు.

నాయన రుమాలు కొసన మూటగట్టుకుపోయిన పచ్చజొన్న విప్పి ఫిరంగుల చుట్టూ చల్లాడు. అక్కడి తెల్లదొర కసరలేదు. పైరు ఎదిగితే ఫిరంగి కనబడదు కదా.

కంకి వేసింది. పిట్టలు వచ్చాయి. నాయన అదిలించాడు — హో... హో...

ఓడ వచ్చిందనుకున్నారు సిపాయిలు. ఉరికిపోయి ఫిరంగి పేల్చారు.

యుద్ధం మొత్తానికి అది పేలింది ఆ ఒక్కసారే. చచ్చినవి చేపలు.

మరుసటి ఏడు చలిజ్వరం. నాయన అక్కడే, ఆ జొన్నలోనే... మట్టిలో కలిశాడు. యుద్ధం అయిపోయింది. సిపాయిలు పోయారు. ఫిరంగులు తుప్పుపట్టాయి.

ఇక్కడ పత్తి వచ్చింది. మిరప వచ్చింది. మా ఇంట్లో ఆ జొన్న విత్తనానికి కూడా లేకుండా పోయింది.

మొన్న మనవడు ఐలేశ్ ఆ దీవికి పనికి పోయాడు. ఫిరంగులు చూడటానికి ఇక జనం వస్తారట. చుట్టూ తుప్పలు కొట్టాలి. దీవి పేరు విని, నా కోసమే ఒప్పుకున్నాడు. ఈ పొద్దున వీడియో ఫోన్ చేసి చూపించాడు.

"అవ్వా, తుప్పలల్ల జొన్న ఉన్నది. గిది మనదేనా?"

కొంగ మెడలా వంగిన కంకి. ఎనభై ఏళ్లుగా రాలి, మొలిచి, రాలి... మా పచ్చజొన్నే.

"ఒక గింజ గిల్లి చూడు బిడ్డా."

గిల్లాడు. పాలు కారాయి.

పాలగింజ మొలవదు. విత్తనం కావాలంటే ఇంకో ఇరవై రోజులు నిలబడాలి.

"మీ మేస్త్రీని ఇరవై దినాలు ఆగుమను."

"యాడ ఆగుతడే అవ్వా! తుప్పలు కొట్టే మిషన్ షురూ చేసిండు."

"ఓడల కోసం గా ఫిరంగి ఎనభై ఏండ్లు ఆగింది. గాయిన ఇరవై దినాలు ఆగడా?"

"నువ్వే అడుగు మరి!"

ఫోన్ పట్టుకుని ఉరికాడు. మేస్త్రీ వీపు కనబడింది. అడగబోయాను. అతని ముందు కంకుల మీద పిట్టలు వాలుతున్నాయి... నోటికి వేరే మాట రాలేదు.

హో... హో...

మిషన్ ఆగింది. మేస్త్రీ ఇటు తిరిగాడు.

రెక్కల చప్పుడు — చేటలో గింజలు చెరిగినట్టు...