వార్పు లేని వంట

విడపనకల్లు రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించారు. ఊళ్లో బోరు ఎండిపోయింది. ట్యాంకరు రావడం మానేసింది. అధికారి వచ్చి, రోజూ ట్యాంకరు పంపుతానని అందరి ముందూ ఒప్పుకోవాలి. అంతవరకూ రోడ్డు మీదే వంటావార్పు. ఆంజినమ్మ మసిబారిన సత్తు గిన్నె, గుప్పెడు గుప్పెడుగా కూడబెట్టిన బియ్యం, ఇంట్లో మిగిలిన ఒక్క బిందె నీళ్లు తెచ్చుకుంది.

"ఏమ్మే, ఆ నల్లగిన్నె తీసెయ్. పేపర్లో బాగుండదు" అన్నాడు రాఘవేంద్ర. ఊళ్లో సగం భూమి ఆయనదే. అందుకే ఏ ధర్నాకైనా నాయకుడూ ఆయనే. భార్య ఇంద్రాణి కొత్త కుక్కరులో బియ్యం, నీళ్లు పోసి పంపింది. దాన్ని కారులోంచి దింపించి మంట మీద ఎక్కించాడు.

"కట్టెల మీద కుక్కరా అన్నా? పిడి కరిగిపోతాదే!" అంది ఆంజినమ్మ.

"నాకు నేర్పుతావా?"

పేపరు విలేకరి ఫోటో తీశాడు. ఆ తర్వాతే పిడి జారి మంటలో పడింది. కమురు కంపుకు ఆడవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"అయిపోయింది. ఇంగ లేయండి" అన్నాడు రాఘవేంద్ర.

"అధికారి యాడొచ్చినాడు?"

"నేను మాట్లాడతాలే."

ఆంజినమ్మకు ఒళ్లు మండింది. పోయినసారీ ఇదే మాట. "వంటావార్పు అని పిలిస్తివి. వండితివి సరే. వార్చింది యాడ? కుక్కర్లో గంజి వారుస్తారా?"

"రాఘవేంద్రన్నకేం తెలుస్తాది వదినా, వాళ్లింట్లో అన్నం ఈలేసి పిలుస్తాది" అంది ఆమె ఆడబిడ్డ చౌడేశ్వరి. అందరూ పగలబడి నవ్వారు.

ఆంజినమ్మ కట్టెతో కుక్కరును పక్కకు దొర్లించి తన గిన్నె పెట్టింది. బిందె ఎత్తబోతుంటే రాఘవేంద్ర లాక్కున్నాడు. "చెప్తాంటే ఇనపడదా?" అంటూ బిందె మొత్తం పొయ్యిలో కుమ్మరించాడు.

బుస్సుమని ఆవిరి లేచింది. బూడిద నీళ్లు తారు మీద పారాయి. నీళ్ల కోసం రోడ్డెక్కిన ఊరి ముందే నీళ్లు పారబోశాడు. తానేం చేశాడో వాళ్ల మొహాలు చూశాకే ఆయనకు తెలిసింది. కారు వైపు నడిచాడు.

"పోనియ్యొద్దు!" అంది ఆంజినమ్మ.

రాళ్లు కారు ముందుకొచ్చాయి. వెనకాల ఇంకో నాలుగు బండలు పడ్డాయి. తుమ్మకంప తెచ్చి మళ్లీ అంటించారు. చౌడేశ్వరి కారు డిక్కీ తెరిచింది. లోపల నీళ్ల సీసాలు, అట్టపెట్టె నిండా. ఒక్కొక్కటే మూత తిప్పి గిన్నెలో వంచసాగింది.

"అవి నావి!" అరిచాడు రాఘవేంద్ర.

"నావి పొయ్యిలో పోస్తివి కదప్పా" అంది ఆంజినమ్మ. 'అన్నా' అనే పిలుపు ఆమె నోట మళ్లీ రాలేదు. "ఫోన్ చెయ్. మా ముందరే చెయ్."

చుట్టూ చూశాడు. ఆయన పక్కకు ఒక్కరూ రాలేదు. ఫోన్ తీసి అధికారికి కలిపాడు.

"సార్, ఈ ఆడోళ్లు నన్ను పోనియ్యరు..."

"నీ సంగతి ఎవురడిగినారు? ట్యాంకరు!" అంది ఆంజినమ్మ.

"ట్యాంకరు, సార్. మీరే రావల్ల. ఇప్పుడే రావల్ల."

ఇన్నాళ్లూ ఊరి తరపున ఆయన అధికారులతో ఏం మాట్లాడాడో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అందరూ వింటున్నారు.

"ఇంగా గట్టిగా" అంది ఆంజినమ్మ, మంటలోకి కంప తోస్తూ.