గుమ్మడిపువ్వుకు మేనరికం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ యేడాది రోళ్ళతో ఆగలేదు, సైదాబీ మడమలూ పగిలాయి. సాగర్ ఆనకట్టకు పునాదిరాయి పడి మూడేళ్ళయింది. చీమకుర్తి పక్కనున్న ఆ ఊళ్ళో మాత్రం నీళ్ళంటే ఇంకా బావి అడుగున మెరిసే పళ్ళెమంత తడే. అలాంటి ఎండలో కూరగాయలు కాయిస్తానని ఆవిడ పంతం పట్టింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండన్నారు ఊళ్ళోవాళ్ళు.

పంతం మొగుడితో. ఇంటి వెనక పది సెంట్ల నేలచెక్క ఒకటుంది. దాంట్లోనూ మిరపే వేస్తానంటాడు బుడాన్. చేలో మిరప, చెక్కలో మిరప, కంచంలో మిరప. ఓ బీరపాదన్నా పెట్టుకోనీయవయ్యా అని సైదాబీ పోరగా పోరగా చివరికి దిగొచ్చాడు.

"తొలకరి లోపల ఒక్క కాయ కాయించు, ఆ చెక్క నీదే. కాయలేదనుకో, మిరపనారు పోస్తా. మళ్ళీ నోరెత్తకూడదు."

తొలకరికి ఇక పదిరోజులుంది. పందెం పడ్డ నాటినుంచీ ఆవిడ చేయని చాకిరీ లేదు. గుంటలు తీసి మేకల పెంట నింపింది. బుడాన్ వేసవిలో పరుపులకు దూది ఏకుతాడు. ఏకగా మిగిలిన చెత్తంతా నానబెట్టి, తడి ఆరకుండా మొదళ్ళ చుట్టూ కప్పింది. ఎండకు అడ్డంగా తాటాకులు పాతింది. బియ్యం కడిగిన నీళ్ళు, నమాజుకు కాళ్ళూచేతులూ కడుక్కున్న నీళ్ళు, అన్నీ మొక్కలకే. బ్లాకాఫీసు మనిషి పురుగుకని తెల్లపొడి పొట్లం ఇస్తే, "తినే కూర మీద దోమలమందేంటయ్యా" అని వెనక్కిచ్చి బూడిద చల్లుకుంది. అయినా బీర మాడింది, వంగ ఎండింది. మిగిలింది ఒక్క గుమ్మడి తీగ. దానికి పూలు బోలెడు, కానీ దాదాపు అన్నీ పోతుపూలే. పుట్టిన నాలుగు పిందెలూ పసుపుపచ్చగా పండి రాలిపోయాయి.

ఐదో పిందె పువ్వు ఆవేళ తెల్లవారుతూనే విచ్చుకుంది.

పక్కింటి జ్ఞానప్రసూనాంబ, బడిపంతులుగారి భార్య, గోడ మీంచి తొంగిచూసి గుట్టు విప్పింది. "మా ఆయన పుస్తకంలో చూసి చెప్పారు సైదాబీ. ఈ ఎండకి తేనెటీగలు రావడం లేదు గదా, అందుకే నీ పిందెలు నిలవడం లేదట. పోతుపువ్వు పుప్పొడి మనమే తీసి ఆడపువ్వుకి అద్దాలిట. ఎండెక్కితే పువ్వు ముడుచుకుపోతుంది, త్వరగా కానీ."

"అంటే మనమే పెళ్ళి చెయ్యాలన్నమాట" అంది సైదాబీ. నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతూనే పక్కనున్న పోతుపువ్వు తుంచబోయింది.

"ఆగాగు" అంటూ ప్రసూనాంబ గోడ చుట్టూ తిరిగి పరుగున వచ్చింది. "రెండూ ఒకే తీగవి. ఒక తల్లి బిడ్డలు. అన్నకిచ్చి చెల్లెల్ని చేస్తావా?"

సైదాబీ చెయ్యి చప్పున వెనక్కొచ్చింది. లెంపలేసుకుంది. పూలకు అన్నేమిటి, చెల్లెలేమిటి? ఆ పువ్వే తుంచి అద్దేస్తే క్షణంలో పని తెమిలేది. ఆ ముక్క చెప్పాల్సిన పంతులుగారు వేపపుల్ల నముల్తూ ఎటో షికారు పోయారు. ఈ ఇల్లాళ్ళిద్దరికీ వేరే ఏ శాస్త్రం కలవకపోయినా ఇది మాత్రం చక్కగా కలిసింది.

"మరి ఇప్పటికిప్పుడు పిల్లాడెక్కడ దొరుకుతాడండీ?"

ఊరంతటికీ ఇంకో గుమ్మడి తీగ బాపయ్య పెంటదిబ్బ మీదుంది. ఊరి వరసన బాపయ్య బుడాన్‌ని బావా అని పిలుస్తాడు, సైదాబీ ఆయన్ని అన్నా అంటుంది. ప్రసూనాంబ వేళ్ళు ముడిచి లెక్కేసింది. "మేనమామ కొడుకు. మేనరికం. ఇంతకన్నా మంచి సంబంధం వెతికినా దొరకదు, పద."

పరుగు. బావి దగ్గరి అమ్మలక్కలు ఏమైందేమైందంటూ బిందెలు దించి వెంటపడ్డారు. బాపయ్య వాకిలి చేరేసరికి పదిహేనుమంది పోగయ్యారు. అరుగు మీద బాపయ్యా బుడానూ చుట్టలు కాలుస్తున్నారు. సంగతి విని బాపయ్య మీసం దువ్వాడు.

"మగపెళ్ళివారమమ్మా మేము. వచ్చి అడగ్గానే పిల్లాణ్ణి తుంచి ఇచ్చేస్తామా? తాంబూలం ఏది?"

ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. సైదాబీ కూడా నవ్వింది గానీ, కళ్ళు మాత్రం చూరు మీదికి పాకుతున్న ఎండ మీదే ఉన్నాయి. "అన్నా, నీకు దణ్ణం పెడతా, పొద్దెక్కుతోంది" అంది.

బుడాన్‌కి మహా కులాసాగా ఉంది. ఇంకో గడియ గడిస్తే పువ్వు ముడుచుకుంటుంది, చెక్క మిరపకే మిగులుతుంది. "తొందరేముంది బావా, కుదురుగా మాట్లాడుకోండి" అని కన్నుగీటాడు.

బాపయ్య రెచ్చిపోయాడు. "పిల్ల ఎండకి మాడి కమిలిపోయిందంటగా. పైగా ఆడపెళ్ళివాళ్ళు చూడబోతే ఉత్తచేతులతో వచ్చారు. పెట్టుపోతలకి గతిలేనట్టుంది."

బుడాన్ చుట్ట తీసి పక్కన పెట్టాడు. "మాట మర్యాదగా రానీ. మా పిల్లకేం తక్కువ? నీ పిల్లాడిలా పెంటదిబ్బ మీద పడి దొర్లిందా? తాటాకు నీడన, దూది పరుపు మీద పెరిగింది. దాని కాలిగోటికి చాలడు నీవాడు."

"అయితే పసుపుకుంకుమల కింద ఏం రాసిస్తావో చెప్పు, పదిమందీ వింటారు."

"పది సెంట్లు" అన్నాడు బుడాన్ తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుంటూ. "మా ఇంటి వెనక చెక్క. ఇప్పట్నుంచే. విన్నారుగా అందరూ."

విన్నారు. ఒక్కసారిగా లేచిన నవ్వుకు పెంటదిబ్బ మీది కోళ్ళు బెదిరి చెల్లాచెదురయ్యాయి. బాపయ్య ఉన్నవాటిలో పెద్ద పువ్వు ఏరి ఆకులో పెట్టి సైదాబీ చేతికిచ్చాడు. ఆవిడ కొంగు బిగించి వెనక్కి ఒకటే పరుగు. బుడాన్ కూడా పరుగెత్తాడు. ఎందుకు పరుగెత్తుతున్నాడో అతనికే తెలియలేదు.

వాళ్ళు చేరేసరికి ఆడపువ్వు అంచులు ముడుచుకోబోతున్నాయి. సైదాబీ బిస్మిల్లా అని పుప్పొడి అద్దింది. ప్రసూనాంబ తనకు వచ్చిన మంగళాష్టకం ముక్క గొణిగింది. బుడాన్ తుండుగుడ్డ రెండు చేతులా పట్టుకుని ఎండ తగలకుండా నిలబడ్డాడు. అంతా అయ్యాక గానీ అతనికి తానన్న మాట తిరిగి తలకెక్కలేదు.

"ఏమే, ఒకవేళ కాయ నిలవకపోతేనో?" అని నెమ్మదిగా అడిగాడు.

"నిలవకపోతే తొలకరికి దోస పెడతా" అంది సైదాబీ. "నా చెక్క, నా ఇష్టం."

బుడాన్ బొక్కెన అందుకుని బావి వైపు నడిచాడు.