పాత వెర్షన్ చదవలేని ఇండెక్స్

తడి బట్టలు ఆరేస్తుంటే మా మేనేజరు ఫోన్ చేశారు. ఆ రోజు నాకు సెలవు. మధ్యాహ్నం అత్తగారి తమ్ముడి కుటుంబం భోజనానికి వస్తోంది.

"సెర్చ్ పడిపోయిందమ్మా. కొత్త వెర్షన్ నెమ్మదిగా ఉందని పాతది పెట్టించాను. తెరుచుకోవడం లేదు."

దిండు గలీబు చేతిలోనే ఉండిపోయింది. మాది ఆసుపత్రి. పేరు కొడితే రోగి పాత చీటీలు, పడని మందులు క్షణంలో చూపించే సెర్చ్ బాధ్యత నాది. రికార్డులు ఎక్కడికీ పోవు. ఏది ఎక్కడుందో చెప్పే ఇండెక్స్‌ను మాత్రం కొత్త వెర్షన్ తన పద్ధతిలో తిరగరాసుకుంటుంది; ఆ రాతను పాత వెర్షన్ చదవలేదు. వెనక్కి వెళ్లేముందు నన్ను అడగమని రెండు మెయిళ్లు పెట్టాను. "మేడమ్‌కి భయమెక్కువ" అని మీటింగులో అందరినీ నవ్వించారాయన.

"మళ్లీ కొత్తదే పెట్టేయండి సర్."

"అదీ... ఇండెక్స్ అడ్డొస్తోందని తీసేయించాను."

మొదటి నుంచి తయారుచేయాలంటే తొమ్మిది గంటలు. ఆపరేషన్ గదిలో స్పృహలేని మనిషి ఉన్నాడట. ఏ మందు పడదో తెలియక మత్తు డాక్టరు ఆగి ఉందట.

ఒక్కటే దారి. వెర్షన్ మార్చడానికి ముందు ఓ ఆదివారం పాత ఇండెక్స్‌కు నేను కాపీ తీసి పెట్టాను. ఆ ఆదివారానికి జీతం లేదు. "సెలవు రోజు కూడా ఆ డబ్బానేనా? పెళ్లయిన కొత్తలో ఎలా ఉండేదానివి!" అన్నారు మా ఆయన. ఎలా ఉండేదాన్ని? అన్నిటికీ తలూపి, బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. ఆయనకు నీళ్ల చప్పుడే వినిపించేది.

లాప్‌టాప్ తెరిచాను.

"కూర మాడుతోంది తల్లీ! వచ్చినవాళ్లకి ఆ కంప్యూటర్ వడ్డిస్తుందా?" వంటింట్లోంచి అత్తగారు.

"స్టవ్ కట్టేయండి అత్తయ్యా."

ఇరవై నిమిషాలు. కాపీ ఎక్కింది. ఆ తర్వాతి పదకొండు రోజుల రికార్డులు ఒక్కొక్కటే చేరుతుండగా నర్సు ఫోన్ చేసింది. "దొరికింది మేడమ్. ఎక్కించబోయిన మందే అతనికి పడదు. ఆపేశాం."



వెంటనే మేనేజరు రిపోర్టు పంపారు. 'కారణం: సెర్చ్ ఇంజనీరు సెలవులో ఉండి తగిన సూచనలు ఇవ్వకపోవడం.' కింద నా సంతకానికి ఖాళీ. దాన్ని మూసేసి, జరిగింది జరిగినట్టు వేరే రిపోర్టు రాశాను. నా రెండు మెయిళ్లూ జతచేసి డైరెక్టర్ గారి పేరు పెట్టాను. పంపడమే మిగిలింది.

ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మా ఆయన గదిలోకి వచ్చారు.

"మీ మేనేజరు నాకే చేశారు, పెద్దమనిషి. లైన్లోనే ఉన్నారు. సంతకం పెట్టేస్తావని మాటిచ్చేశాను. నీ జీతం మీద ఈ ఇల్లేమీ నడవట్లేదుగా, ఎందుకొచ్చిన గొడవ!"

ఇన్నేళ్లలో ఆయన నా ఉద్యోగం గురించి ఎవరితోనైనా మాట్లాడటం అదే మొదటిసారి. రిపోర్టు పంపేసి, ఆయన చేతిలోని ఫోన్ తీసుకున్నాను.

"సర్, రిపోర్టు డైరెక్టర్ గారికి వెళ్లింది. ఇంకో మాట. మా ఆయన మన ఆఫీసులో పనిచెయ్యరు."