మూరెడు లోతు నిద్ర

కాపు దిగిపోయాక ఆ జామతోటలో పనులు ఏటా ఒకే వరసలో జరిగేవి. రాలిన కాయలు ఏరి గోతిలో పూడ్చడం, ఎండుకొమ్మలు కొట్టేయడం, పాదుల్లో మట్టి నాలుగువేళ్ళ లోతు గీరడం, కాండాలకి సున్నం కొట్టడం, తోటాయన మట్టిలో పడుకోవడం. చలి మొదలవగానే ఆయన తనకి నచ్చిన చెట్టొకటి ఎంచుకుని, దాని మొదలు మీద ఎర్రసుద్దతో ఒక అడ్డగీత గీసి, మూరెడు లోతున ముడుచుకుని పడుకునేవాడు. మట్టి దానంతటదే కప్పుకునేది. కొత్త చిగుళ్ళు రాగానే దులుపుకుంటూ లేచొచ్చి, "కాఫీ ఉందా?" అనేవాడు.

"అయ్యగారు లేచాకే సంతకం పెట్టించుకుంటాలెండి," అని పోస్టుమాన్ రిజిస్టరు ఉత్తరాలు వెనక్కి పట్టుకుపోయేవాడు. ఇందులో తోటావిడకి నచ్చని విషయం ఒక్కటే, ఆయన ఏ చెట్టు కిందకి పోతున్నాడో చెప్పడు. అడిగితే, "నువ్వొచ్చి నిలబడి చూస్తావు, నాకు సిగ్గు," అనేవాడు. ఇరవయ్యేళ్ళ కాపురం చేశాక ఇంకా ఆ సిగ్గేమిటో ఆ మహానుభావుడికే తెలియాలి.

ఆ ఏడు సున్నం పని మిగిలుండగానే ఆయన పడుకున్నాడు, ఆ తర్వాత పురుగుల మేడం వచ్చింది. ఆవిడ ప్రభుత్వం తరఫున పండ్లతోటలు చూసే ఆఫీసరు, పేరు ఎవరికీ గుర్తుండదు. ఒక పాదు తవ్వి, మట్టి అరచేతిలో పోసుకుని చూపించింది. అందులో గోధుమరంగు గింజలు, బియ్యపు గింజలంతేసి ఉన్నాయి.

"పండీగ కాయలో గుడ్డు పెడుతుందమ్మా. గుడ్డు పురుగవుతుంది, లోపలంతా తినేసి, కాయతో పాటు కిందపడి మట్టిలోకి దూరుతుంది. ఇదిగో, ఇలా గూడు కట్టుకుని పడుకుంటుంది. ఇంకో మూడు రోజుల్లో ఇవన్నీ ఈగలై పైకొస్తాయి. మీరు నాలుగువేళ్ళు గీరి వదిలేస్తే చాలదు, ఇవి జానెడు దిగాయి. ట్రాక్టరు పెట్టి లోతుగా దున్నించండి, ఎండకి చస్తాయి."

"ఈసారి కూడా ఈగ లేస్తే?"

"రెండేళ్ళుగా ఒక్క కాయ నోట పెట్టుకునేట్టు లేదు కదా. ఇంకోసారి లేస్తే చెట్లు కొట్టించేస్తాం. లేకపోతే చుట్టుపక్కల తోటలన్నీ పోతాయి."

ఎనభై నాలుగు చెట్లూ తన చేత్తో నీళ్ళు పోసి పెంచినవే. "దున్నిస్తాను," అంది తోటావిడ. "మావారున్న చెట్టొక్కటి వదిలేస్తాను."

"వదిలేయండి. అదొక్కటీ చేత్తో చూసుకుందాం," అని మేడం బండెక్కింది.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరొచ్చింది. ఎర్రగీత ఎక్కడుందో డ్రైవరుకి చూపిద్దామని తోటలోకి నడిచిన తోటావిడ ఉన్నచోటే ఆగిపోయింది. ఎనభై నాలుగు కాండాలూ నడుమెత్తు దాకా తెల్లగా మెరిసిపోతున్నాయి. సాయానికని నాలుగు రోజుల కిందట వచ్చిన తమ్ముడు సున్నం బకెట్టు పట్టుకుని, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాడు.

"ఎర్రగీత ఉన్న చెట్టేదిరా?"

"ఏ గీతక్కా? ముందు ఇనప బ్రష్షుతో బెరడంతా బరబరా రుద్దేసి, ఆ తర్వాతే సున్నం వేశాను. ఎక్కడా ఒక్క మచ్చ ఉంచలేదు."

"ఒరేయ్, అది మీ బావ గీత."

తమ్ముడు బకెట్టు కింద పెట్టేసి, తనూ దాని పక్కనే కూలబడ్డాడు. అవతలి వరసలో ట్రాక్టరు అప్పటికే స్టార్టయింది. తోటావిడ చెప్పుల్లేకుండా పరిగెత్తి బండికి అడ్డంగా నిలబడింది.

"ఈ ఒక్క రోజే ఖాళీ అమ్మా నాకు," అన్నాడు డ్రైవరు. "మళ్ళీ పది రోజుల దాకా దొరకను."

"సాయంత్రం దాకా ఆగు. చేతుల్తో తవ్వుతాం. ఆయన దొరగ్గానే మిగతాదంతా దున్నేద్దువుగాని."

"దొరక్కపోతే?"

"తోట పోతుంది. మనిషి పోకూడదు."

ఆవిడ ఆ మాట ఊరికే అనలేదు. ఎనిమిదేళ్ళ కిందట కాపు చివరి రోజుల్లో ఆవిడ ఆరేళ్ళ కూతురు ఆడుకోవడానికి ఇదే తోటలోకొచ్చి మళ్ళీ కనిపించలేదు. బావి తోడించారు, పోలీసులు తిరిగారు, గోడగోడకీ ఫొటో అంటించారు. ఇంకొకళ్ళని పోగొట్టుకునే ఓపిక ఆవిడకి లేదు.

డ్రైవరు ఇంజను ఆపి, తనూ దిగి చొక్కా చేతులు మడిచాడు. పార వేస్తే ఆయనకి తగులుతుందని ముగ్గురూ వేళ్ళతోనే తవ్వారు. మధ్యాహ్నానికి నలభై చెట్లయ్యాయి. ఎక్కడ చూసినా ఆ గోధుమరంగు గింజలే తప్ప మనిషి జాడ లేదు. గోళ్ళ కింద నెత్తురొస్తున్నా ఎవరూ ఆగలేదు.

అరవై ఒకటో చెట్టు కింద తోటావిడ వేళ్ళకి జుట్టు తగిలింది. "దొరికాడు," అని అరిచింది. అరిచాక చెయ్యి వెనక్కి తీసుకుంది. తోటాయనది పూర్తి బట్టతల.

మళ్ళీ వంగి మట్టి తీసింది. జడ, జడకి నీలం రబ్బరుబ్యాండు, గళ్ళగౌను, నోట్లో బొటనవేలు. ఆరేళ్ళ పిల్ల ఆరేళ్ళ పిల్లగానే, వాళ్ళ నాన్న ముడుచుకున్నట్టే ముడుచుకుని పడుకునుంది. ఊపిరి ఆడుతోంది. డ్రైవరు నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఎనిమిదేళ్ళుగా ఆ చెట్టు పాదు నాలుగువేళ్ళ లోతు గీరింది తోటావిడే. ఎప్పుడు లేవాలో వాళ్ళ నాన్నకి తెలుసు. స్కూలుకే లేపందే లేవని పిల్ల ఇది, దీన్ని ఎవరో ఒకరు లేపాలిగా.

"అమ్మా, ట్రాక్టరు..." అన్నాడు డ్రైవరు.

"పట్టుకుపో. ఈ తోటలో దున్నడం లేదు."

పిల్లని రెండు చేతుల్తో ఎత్తి ఒళ్ళో వేసుకుని, కళ్ళ మీది మట్టి తుడిచింది. పిల్ల ఒళ్ళు విరుచుకుని కళ్ళు తెరిచింది. తన మీదకి వంగిన ముఖాన్నీ, పూర్తిగా నెరిసిపోయిన ఆ తలనీ కాసేపు చూసింది.

"అమ్మమ్మా, నువ్వెప్పుడొచ్చావు? మా అమ్మేది?"

తోటావిడ పిల్ల జడలోని మట్టి దులిపింది.

"ఇక్కడే ఉందమ్మా. రా, ముందు కాళ్ళు కడుక్కుందాం."