మాట్లాడుతూ నడవాలి

తడి రోడ్డు మీద రెండు జతల అడుగుల చప్పుడు. ఒకటి బూట్లది, మెత్తగా. ఒకటి చెప్పులది, టపటపమంటూ.

తెల్లారగానే రోజూ అదే చప్పుడు…

ఆ బూట్లు ఆమెవి కావు. అక్క ఇచ్చింది.

సొంత అక్క కాదు. కుట్టు షాపులో పక్క మిషన్ మీద పని చేస్తుంది. ఐదో నెల, చెప్పులు జారతాయి, నావి వేసుకో అని తన కాన్వాసు బూట్లు తెచ్చింది. వంగితే తల తిరుగుతోందంటే తనే కూర్చుని లేసులు కట్టింది. ఆ పూట ఆమెకు కళ్ళు చెమర్చాయి.

ఆస్పత్రిలో నర్సు ఒక్క మాటే గట్టిగా చెప్పింది.

"మాట్లాడుతూ నడవాలమ్మా. మాట ఆగి ఆయాసం వచ్చిందా, వేగం ఎక్కువైనట్టే. తగ్గించెయ్."

అందుకే, పక్కన నడిచే అక్కతో మాట్లాడింది.

చదునైన రోడ్డు చూసుకుని, మంచినీళ్ళ సీసా పట్టుకుని, కరెంటు స్తంభాల వెంట మాట్లాడుతూ నడిచింది. అత్తగారి గురక గురించి. రాత్రి పిక్కలు పట్టేయడం గురించి. మొగుడు ఇప్పటినుంచే పేర్లు వెతకడం గురించి. చెప్పీ చెప్పీ సంగతులు అయిపోయాయి. రోడ్డు ఇంకా మిగిలే ఉంది.

అప్పుడు, ఎవరికీ చెప్పనిది చెప్పింది.

కడుపుతో ఉన్నానని షాపులో నీకు తప్ప ఇంకా ఎవరికీ చెప్పలేదు. కటింగ్ మాస్టర్ నెలాఖరుకు మానేస్తున్నాడు. ఆ కటింగ్ బల్ల నీకేనని ఓనరు మాటిచ్చాడు. ఏళ్ళ తరబడి కాజాలు కుట్టిన వేళ్ళు ఆ పెద్ద కత్తెర కోసమే కాచుకుని ఉన్నాయి. అది చేతికొచ్చాక చెప్తాను. అప్పటిదాకా…

"నాతో అంటే గోడతో అన్నట్టేనే. బయటికి పోదు," అంది అక్క.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకి నోరు కూడా ఉంది.

నిన్న నెలాఖరు. ఓనరు పిలిచాడు.

"ఈ టైములో నిలబడే పని నీకెందుకమ్మా? మీ అక్క అంతా చెప్పింది. బల్ల తను చూసుకుంటానంది. నువ్వు కూర్చుని బొత్తాలు కుట్టుకో. నీ మంచికే."

నీ మంచికే.

బల్ల దగ్గర అక్క తలెత్తలేదు. కత్తెర మాత్రం గుడ్డ మీద సాఫీగా సాగిపోయింది. లేసులు కట్టిన చేతులే అవి.

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. ఇంతకాలం సామెతే అనుకుంది.

బూట్లు విప్పి అక్క ముఖాన కొట్టాలనిపించింది. రాత్రంతా అదే అనిపించింది. కానీ తెల్లారేసరికి రోడ్డు తడిసి ఉంది. చెప్పులు జారతాయి. కడుపులో ఉన్నదానికి ఈ కోపంతో ఏం పని?

అవే బూట్లు వేసుకుంది. లేసులు తనే కట్టుకుంది. ఒక్కతే బయల్దేరింది.

ఒక్కతే నడిస్తే ఎవరితో మాట్లాడాలి?

వెనక — టపటప.

"ఆగవే… నా మాట విను."

ఆగలేదు. వేగం పెంచింది. ఒక స్తంభం. ఇంకో స్తంభం. ఆ చప్పుడు వినపడనంత దూరం పోవాలి. పోయేముందు ఒక్క మాట అడగాలి — ఎందుకు అని. వెనక్కి తిరిగి నోరు తెరిచింది.

ఊపిరి తప్ప మాట రాలేదు.

లోపల బిడ్డ కదిలింది.

తగ్గించెయ్…

పళ్ళు బిగించి తగ్గించింది. అక్క వచ్చి కలిసేంత నెమ్మదిగా.

తడి రోడ్డు మీద రెండు జతల అడుగుల చప్పుడు — ఒకటి మెత్తగా, ఒకటి టపటపమంటూ, దగ్గరవుతూ…

మాట మాత్రం లేదు.