ఆఖరి రంగానికి ముందు మంగళం

హేమశ్రీ నాటకమాడి ఇంటికొచ్చిన ప్రతి పొద్దునా వాళ్ళమ్మ కాత్యాయని ఒక గ్లాసు చాయ్ ఎక్కువ పోస్తుంది. హేమశ్రీ వేసిన వేషం కూడా ఆమె వెంట మొదటి బస్సుకే రాయచూరు వస్తుంది మరి. రాణి అయితే కుర్చీ అడుగుతుంది. పనిమనిషి వేషమైతే చెప్పకుండానే అంట్లు తోమిపెడుతుంది. "ఇయ్యాల ఎవరొచ్చిండ్రు?" అని పక్కింటి హనుమవ్వ గోడ మీంచి అడుగుతుంది, కూరేం వండారని అడిగినట్టు. చాయ్ అయ్యాక హేమశ్రీ హార్మోనియం ముందేసుకుని మంగళం పాడుతుంది. ఆట చివర స్టేజీ మీద పాడే మంగళం జనానికి, ఇంట్లో పాడేది వచ్చిన మనిషికి. పాట ముగిసేసరికి ఆ మనిషి ఉండదు.

వేషం వేసేదీ హేమశ్రీయే, పాడేదీ ఆమే, మధ్యమధ్య అదే వేషంలో వచ్చి హార్మోనియం వాయించేదీ ఆమే. ఇన్ని విద్యలుండీ పన్నెండేళ్ళుగా ఊరూరా బస్సుల్లో తిరగడమే అయింది. ఈ ఆదివారం ఆమెను చూడ్డానికే బెంగళూరు నుంచి సినిమావాళ్ళు రాయచూరు వస్తున్నారు. వాళ్ళు ముఖ్యంగా చూడాలన్నది ఆఖరి రంగం. అందులో ఒక తల్లి కోపం పట్టలేక ఆరేళ్ళ కూతుర్ని బావిలోకి తోసేస్తుంది.

ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు తుర్విహాళ ఊళ్ళో ఆ రంగం దాకా వచ్చేసరికి వాన దంచికొట్టి ఆట ఆగిపోయింది. ఆ తల్లి మాత్రం బస్సెక్కి వచ్చేసింది.

హేమశ్రీ మూడుసార్లు మంగళం పాడినా ఆమె పోలేదు. గోడకానుకుని హేమశ్రీ కూతురు నేహ వంకే చూస్తూ కూర్చుంది. నేహకూ ఆరేళ్ళే. హేమశ్రీ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. కాత్యాయని పెరట్లో నీళ్ళ హౌజు మీద మూతేసింది.

"దాని ఆట సగంల ఆగింది గదా, గందుకే పోతలేదు" అన్నాడు నాటకాల కంపెనీ నడిపే విరూపాక్ష. "ఆదివారం పూరా ఆడితే అదే పోతది. అప్పటిదాంక పిల్లను కనిపెట్టుకోండ్రి."

శనివారం మధ్యాహ్నం హేమశ్రీకి చిన్న కునుకు పట్టింది. లేచి చూస్తే పక్కన నేహ లేదు. పెరట్లోకి పరుగెత్తింది. కాత్యాయని నీళ్ళు తోడి మూత వేయడం మరిచినట్టుంది, హౌజు తెరిచే ఉంది. ఆ తల్లి హౌజుకు వీపు పెట్టి, చేతులు రెండూ చాపి అడ్డంగా కూర్చుంది. ఎదురుగా నేహ రెండు జడలతో గచ్చకాయలాడుతోంది.

"రేపు ఆట ఉందంట గదా" అంది ఆమె. ఇంటికొచ్చాక నోరు విప్పడం అదే మొదలు. "నలభై ఆటల్ల నలభైసార్లు నా బిడ్డను తోసినవు. నాకు నలభైమంది బిడ్డలు లేరమ్మా. ఒక్కతే."

హేమశ్రీ తన చేతులు చూసుకుంది. అప్పటిదాకా ఆ తల్లిని చూసి భయపడింది. ఇప్పుడు తనంటే తనకే భయమేసింది.

ఆదివారం హాలు నిండింది. ముందు వరుసలో సినిమావాళ్ళు. వెనక కాత్యాయని, నేహ, వాళ్ళ పక్కన ఆ తల్లి. ఆఖరి రంగానికి తెర లేచింది. పిల్ల చెయ్యి పట్టుకుని రావాల్సిన హేమశ్రీ ఒంటరిగా వచ్చి, హార్మోనియం ముందు కూర్చుని మంగళం ఎత్తుకుంది.

మంగళం మొదలయ్యాక ఆట సాగదు. యుద్ధం మధ్యలో ఉన్న రాజైనా కత్తి దించాల్సిందే. మధ్యలో ఆపితే మాత్రం అది మంగళమే కాదు, ఆట మళ్ళీ ఆగిన చోటి నుంచే నడవాలి.

"ఏందమ్మా గిది, ఇంకో రంగముంది గదా" అని విరూపాక్ష తెర పక్కనుంచి గొణిగాడు. జనం అలవాటుగా లేచి నిలబడ్డారు. సినిమావాళ్ళు గడియారం చూసుకుని బయటికి నడిచారు. పన్నెండేళ్ళు ఎదురుచూసింది వాళ్ళ కోసమే. హేమశ్రీకి ఏడుపొచ్చింది, అయినా పాడుతూనే ఉంది.

అప్పుడు కనిపించింది. జనం మధ్య నుంచి ఆ తల్లి రెండు జడల పిల్లను చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు తీసుకుపోతోంది. నేహా అని అరవాలనిపించింది హేమశ్రీకి. పాట ఆపితే ఆట మళ్ళీ నడుస్తుంది, ఎదురుగా బావి ఉంది. చివరి చరణం దాకా పాడి, స్టేజీ మీంచి దూకి పరుగెత్తింది.

నేహ అమ్మమ్మ భుజం మీద నిద్రపోతోంది.

హేమశ్రీ గుమ్మం దాకా వెళ్ళి చూసింది. తల్లీ కూతుళ్ళు మెట్లు దిగిపోతున్నారు. ఆ పిల్ల పరికిణీ అంచు కూడా తడవలేదు.