నరహరిరాజు పుచ్చుకొన్న తూటా

హేమంతారంభమునఁ బరిపక్వఫలభారావనతములైన చోడిచేలు సాయంతనాతపమునఁ దామ్రవర్ణముఁ దాల్చి మన్యపర్వతపాదములఁ బఱచిన కంబళివలె గాలికిఁ గదలుచుండ, శైలసానువులనుండి దిగిన పలుచని మంచు ఇండ్ల పొగలతోఁ గలసి దేవరగొంది గ్రామమును సగము మఱుఁగుపఱచుచుండెను. కన్నులకింపైన యా వేళయే యచ్చటి కాఁపుల గుండెలలో దిగులు పుట్టించు వేళ. ఏలయన, చీఁకటి పడకమున్నే యడవిపందులు గుంపులుగా దిగి పండిన పంటను గడియలోఁ బెల్లగించి పోవుచుండెను.

ఆ యేఁడు తెల్లదొరల సీమలో యుద్ధము పొడసూపి యోడలరాక నిలిచిపోఁగాఁ బట్టణమునఁ దూటాల వెల దినదినప్రవర్ధమానమై, తుదకు వెలయిచ్చినను సరకు దొరకని దురవస్థ వాటిల్లెను. లైసెన్సుతోఁ దుపాకి గలవారెల్లరు నొకరింటికొకరు పోయి 'నీకడ నెన్ని మిగిలినవి' యని కూపీలు తీయుటయు, నున్నవానిని లేవని చెప్పుటయు నలవాటయ్యెను. వారిలోఁ బ్రముఖుఁడు కలిదిండి నరహరిరాజు. గుఱితప్పని వేఁటకాఁడనియు నడిగినవారికి లేదనని దాతయనియు ఖ్యాతిగాంచిన యాతఁడు, వెల యింకను బెరుగునని వినినంతనే యంగడిలోనున్న తూటాలన్నియుఁ గొనితెచ్చి పడకగది భోషాణమున దాఁచెను. అమ్ముకొనుటకుఁ గాదు; మఱెన్నఁడును దొరకవేమో యను భయముచేతనే. ఆ భయము తనకే సిగ్గుగొలుపుటచే నింటివారికిఁగూడఁ జెప్పఁడయ్యెను.

ఒకనాఁటి సాయంకాలమున బొడ్డు సన్యాసయ్య యను వృద్ధకృషీవలుఁడు తన యొంటిగొట్టపు తుపాకిని గుమ్మముకడ నుంచి, రాజునెదుటఁ జేతులు జోడించి నిలిచెను.

"బాబూ, పందులు సేను దున్నేస్తన్నాయి. తమకాడ తోటాలేటైనా ఉంటే ఇప్పించండి. పంట సేతికొచ్చినాక తీర్చుకుంతాను."

రాజు నాలుక యాతని యనుమతి నపేక్షింపకయే కదలెను. "లేవు సన్యాసీ! ఒక్కటైనా లేదు."

ఆ మాటకు వృద్ధుఁడు ఖిన్నుఁడై మరలిపోవునని రాజు తలఁచెను. కాని యాతఁడు తన కష్టము మఱచి కలవరపడెను.

"అయ్యబాబోయ్! తమ లోగిట్లో తోటా నేకపోడమేటి? కొండమీద సిరతపులి తిరుగుతున్నాదంతన్నారు. పిల్లలున్న కొంప!" అని రొంటినుండి గుడ్డమూట తీసి విప్పెను. "నాకాడ రెండున్నాయి బాబూ. ఒకటి తమరుంచండి."

త్రోసిపుచ్చినచోఁ దన యసత్యము బయల్పడును. పుచ్చుకొన్నచో నంతకంటె హీనుఁడగును. రాజు చేయి చాఁచెను. వృద్ధుని మేనివేఁడి యింకను దొలఁగని యా తూటా యరచేతఁ బడిన క్షణమున నాతని చెవులు భగ్గుమనెను. నిజము చెప్పవలెనని నోరు తెఱచునప్పటికి సన్యాసయ్య వీధిలోనికి దిగెను, పిలిచినచో వినఁబడునంత దూరముననే యుండెను, రాజు పిలువఁడయ్యెను.

మఱునాఁటి వేకువ సన్యాసయ్య మిగిలిన తూటాతో నొక ముసలిపందిఁ గొట్టెను. అది భుజమున గాయపడియుఁ గూలక వెనుదిరిగి వచ్చెను. మరలఁ గొట్టుటకుఁ దుపాకిలో నేమియు లేదు. దాని కోఱ యాతని తొడను మోఁకాలివఱకుఁ జీల్చెను.

వార్త వినినంతనే రాజు భోషాణము తెఱచి తూటాలన్నియు సంచిలో వేసికొని, సర్వము చెప్పి పాదములపైఁ బడవలెనను నిశ్చయముతో సన్యాసయ్య గుడిసెకేఁగెను. వాకిట నాతని భార్య అసిరమ్మ నిలిచియుండెను. రాజు సంచి క్రిందనుంచి యామెకు నున్నదున్నట్లు చెప్పెను. ఆమె సంచివంకఁ జూచెను. ఏడువలేదు, తిట్టలేదు.

"ఈ మాట నాతో అన్నారు, సాలు. ముసిలోడితో అనకండి బాబూ," అనెను. "కట్టు కట్టిన కాడినుంచి ఒకటే మాట, రాజుగోరింటికి నా తోటా కాపలా ఉన్నాదని. ఆ కాలింక నిలవదని వైద్దుడనేసినాడు. ఆడికి మిగిలింది ఆ మాటొక్కటే. అది కూడా తీసుకుపోతారా?"

ఇట్లని యామె సంచినిఁ బాదముతోఁ బ్రక్కకు నెట్టి దారి విడిచెను. దోషము నొప్పుకొని తేలికపడుదమని వచ్చినవానికి నా యూఱటయుఁ దక్కకపోయెను.

రాజు తలవంచుకొని లోనికేఁగి కుక్కిమంచము ప్రక్కఁ గూరుచుండెను. వృద్ధుఁడు జ్వరతప్తనేత్రములు తెఱచి చిఱునవ్వు నవ్వెను.

"బాబొచ్చినారా! పులేటైనా వచ్చినాదేటి? తోటా పేలినాదా?"

"రాలేదు సన్యాసీ," అనెను రాజు. "నీ తోటా ఉన్నదన్న ధైర్యంతోనే ఇంటిల్లిపాదీ నిద్రపోయాము."

సన్యాసయ్య యాతని చేతిని రెండుచేతులఁ దీసికొని కన్నుల కద్దుకొనెను. వెలుపల నసిరమ్మ కట్టెలు విఱుచు చప్పుడు వినవచ్చుచుండెను. మృగమునెదుట నెన్నఁడును గుఱితప్పని యా హస్తము వృద్ధుని కనుఱెప్పలపై నుండఁగా, దానిని వెనుకకుఁ దీసికొను నధికారము తనకు లేదని యెఱిఁగి, నరహరిరాజు దీపము వెలిగించు వేళవఱకు నట్లే కూరుచుండెను.